డంగుసున్నం లెక్క

1543లో చనిపోయిన సుల్తాన్ కులీ మొదలు గోల్కొండ పాలకుల సమాధులున్న ఇబ్రహీంబాగ్, హైటెక్ సిటీకి ఎంతో దూరం కాదు. ఆ కట్టడాల గోడలు గ్రానైట్‌వి, పైన కనిపించే నగిషీ డంగుసున్నానిది. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో దాని మీద సిమెంటు పూశారు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు మొదలుపెట్టిన పునరుద్ధరణలో ఆ సిమెంటును ఒలిచి మళ్లీ సున్నమే పెట్టారు. ఇది పాతకాలం మీద మమకారంతో చేసిన పని అనుకునేవారున్నారు. రసాయన లెక్క చూసినా అదే సరైన పని అని నా వాదన.

బట్టీలో 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. అది 18 గ్రాముల నీళ్లు పీల్చుకుని 74 గ్రాములవుతుంది. గానుగలో ఇసుకతో నూరి, బెల్లం, మారేడు గుజ్జు కలిపి గోడకు మెత్తాక, పోయిన 44 గ్రాములను గాలిలోంచి మెల్లగా తిరిగి తీసుకుని, నీటిని వదిలేసి మళ్లీ 100 గ్రాముల రాయిగా మారుతుంది. అప్పటి మేస్త్రీ తట్టలతో కొలిచాడే గానీ మోల్స్‌తో కాదు కదా అనొచ్చు. నిజమే. తట్ట కొలత సున్నానికీ ఇసుకకూ మధ్యది. ఒక మోల్ సున్నానికి ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ అన్న ఈ ఒకటికొకటి నిష్పత్తి మాత్రం ఎవరు కొలిచినా కొలవకపోయినా ఆ పదార్థంలోనే ఉంది.

ఇలా తయారైన రాయిలో, అంటే కాల్సైట్ అనే కాల్షియం కార్బొనేట్‌లో, ఒక్కో కార్బొనేట్‌ను విరగ్గొట్టడానికి రెండు హైడ్రోజన్ అయాన్లు కావాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే ఒక మోల్ చాలు, నైట్రిక్ ఆమ్లమైతే రెండు మోల్స్ కావాలి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ దారుల్లో పెరిగిన బండ్ల పొగ రెండింటికీ ముడిసరుకే. కానీ నష్టం ఒకే తీరుగా ఉండదు. నైట్రేట్ వానకు కరిగి జారిపోతుంది. సల్ఫేట్ జిప్సమై, వాన నేరుగా తగలని చోట్ల గోడనే పట్టుకుంటుంది. ఒక మోల్ కాల్సైట్‌కు దాదాపు 37 ఘన సెంటీమీటర్ల చోటు చాలు, జిప్సానికి దాదాపు 75 కావాలి. ఆ చోటు చాలకే పైపొర ఉబ్బి పెచ్చుగా లేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాల డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10కి తగ్గడం ఈ గోడలకు మేలే. నత్రజని ఆక్సైడ్ల బెడద మాత్రం పోలేదు.

మరి ఆమ్లానికి ఇంతగా లొంగే సున్నం కన్నా సిమెంటు మేలు కాదా? కాదు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒకటికొకటి చొప్పునే కలిసి అదే జిప్సం అవుతుంది. పైగా సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు, ఊడినప్పుడు పాత నగిషీని కూడా పెళ్లగిస్తుంది. సున్నపు పూత తాను తరిగి లోపలిదాన్ని కాపాడుతుంది, తరిగిన చోట మళ్లీ పూయొచ్చు. ఇక మురికి వదలాలని ఇలాంటి గోడను ఆమ్లంతో కడిగితే, 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 గ్రాముల కార్బొనేట్‌ను కరిగించేస్తుంది. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పాలరాతి నేల మీద బాత్రూమ్ యాసిడ్ పోసేవారికీ ఇదే లెక్క.