అడగని నెట్‌కు కట్టిన పైసలు

హైదరాబాద్–శ్రీశైలం రహదారి మీద మన్ననూర్ దాటితే నల్లమల అడవే. అక్కడి అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు పడుతుంది. హద్దు ఎక్కడుందో బండి నడిపేవాళ్లకు ముందే తెలుస్తుంది. సెల్‌ఫోన్‌లోకి ఇంటర్నెట్ వచ్చిన తొలి ఏళ్లలో అలాంటి గేటు లేదు. నెట్ వాడామన్న సంగతి చాలామందికి బ్యాలెన్స్ కట్ అయ్యాకే తెలిసేది. దాన్ని పల్లెజనం తెలియనితనం కింద జమకట్టారు. నిజానికి తప్పు వాడినవాళ్లది కాదు, అడగకుండానే తెరిచి ఉంచిన సేవది.

పైసలు ఎక్కడ పోతాయో తెలిసినప్పుడు జనం ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూస్తే ఈ మాట రుజువవుతుంది. 1995 జులై 31న దేశంలో తొలి మొబైల్ కాల్ మోగింది. 2003 దాకా వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ లెక్క అందరికీ అర్థమైంది కాబట్టే మిస్డ్ కాల్ ఒక వాడుకగా స్థిరపడింది. ముంబై, పుణెలకు వలసపోయిన పాలమూరు కూలీలకూ ఊళ్లో ఉన్న ఇంటివాళ్లకూ మధ్య ఫోనే వారధి. దానిలోని బ్యాలెన్స్‌ను పొదుపుగా వాడుకోవడం వాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. డేటా దగ్గర ఆ నేర్పు పనిచేయలేదు. ప్యాక్ లేనివాళ్లకు 10 కేబీకి 10 పైసలన్నది అప్పట్లో మామూలు ధర. అంటే ఒక్క ఎంబీకి పది రూపాయల పైమాటే. మీట పొరపాటున నొక్కుకుపోయినా, యాప్ తనంతట తాను అప్‌డేట్ అయినా చిన్న రీచార్జి మొత్తం హరించుకుపోయేది.

సెట్టింగ్‌లలోకి వెళ్లి డేటా ఆపుకోవచ్చు కదా అనేవారున్నారు. ఆపుకోవచ్చు, కానీ ఆ మెనూ చాలా ఫోన్లలో ఇంగ్లిష్‌లో ఉండేది. పైగా, కోరని సరుకును వద్దని చెప్పే భారం కొనేవాడి మీద వేయడం ఏ అంగడిలోనూ న్యాయం కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా చివరికి ఈ దారికే వచ్చింది. విలువ ఆధారిత సేవలకు రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని 2013లో ఆదేశించింది. 2015లో, స్పష్టమైన సమ్మతి లేకుండా డేటా మొదలుపెట్టరాదని నియమం తెచ్చి, ఆపడానికీ మొదలుపెట్టడానికీ 1925 అనే ఉచిత నంబరు ఇచ్చింది. ఐరోపా సమాఖ్య 2010లోనే, వినియోగదారు వేరే పరిమితి కోరకపోతే రోమింగ్ డేటా 50 యూరోల దగ్గర ఆగిపోవాలన్న నియమాన్ని అమల్లోకి తెచ్చింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది కాబట్టి ఇదంతా పాత కథేనన్నది మరో వాదన. ధర తగ్గిన మాట నిజమే, బ్యాలెన్స్ చప్పుడు లేకుండా కరిగిపోవడమూ తగ్గింది. అయితే డేటా అక్కరలేని వృద్ధులు, మామూలు ఫోను వాడేవాళ్లు దాన్ని కలిపిన ప్లాన్లకే డబ్బు కట్టాల్సిన పరిస్థితి పెరిగింది. అంతకుముందు పొరపాటున పోయే పైసలు ఇలా తప్పనిసరిగా పోసాగాయి. అందుకే 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పరిమితమైన ప్యాక్‌లు కూడా అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. ఈ మేలు నల్లమల గూడేల దాకా చేరాలంటే రీచార్జి దుకాణంలో ఆ ప్యాక్ పేరు మొదట వినిపించాలి, హెచ్చరిక సందేశం తెలుగులో రావాలి. ఒప్పుకోలు లేని వసూలు రూపాయైనా అన్యాయమే.