ఆళ్లగడ్డ విగ్రహం ఎవరిది?

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ అనగానే రాతి శిల్పాలు గుర్తొస్తాయి. దేవుళ్లు, నందులు, నాయకులు, అన్నీ అక్కడ చెక్కుతారు. ఇవాళ ఎపిసోడ్‌లో ప్రశ్న ఒక్కటే. డబ్బులిచ్చి విగ్రహం తెచ్చుకున్నాక, ఆ రూపం మీద హక్కు ఎవరిది? కొన్నవాళ్లదా, చెక్కినాయనదా?

ముందు కొంచెం చరిత్ర. కాపీరైట్ పుట్టిందే పుస్తకాల కోసం, 1710లో, బ్రిటన్‌లో. శిల్పుల దాకా రావడానికి 88 ఏళ్లు పట్టింది. జార్జ్ గారార్డ్ అనే శిల్పి వెంటపడితే 1798లో వాళ్లకో చట్టం వచ్చింది. 1814లో దాన్ని సవరించారు. అందులో ఒక షరతు ఉండేది: విగ్రహం మీద పేరు, తేదీ వేసి ఉండాలి. మన దగ్గర హొయసల గుళ్లలో మల్లితమ్మ లాంటి శిల్పులు పేర్లు చెక్కుకున్నారు. మరి ఆళ్లగడ్డ పక్కనే ఉన్న అహోబిలంలో స్తంభాలు చెక్కినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు మనకున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఇందులో శిల్పం కూడా కళాకృతే. శిల్పి బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పేరు చెక్కకపోయినా, రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది.

అసలు విషయం సెక్షన్ 17లో ఉంది. డబ్బులిచ్చి ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ డబ్బులిచ్చినవాళ్లదే. మీ పెళ్లి ఫోటోలు అలా మీవే. కానీ ఆ జాబితాలో శిల్పం లేదు! అంటే మీరు ఆర్డరిచ్చి చేయించుకున్నా, రాయి మీది, రూపం మీద హక్కు శిల్పిది. ప్రభుత్వం చేయించుకుంటే మాత్రం లెక్క వేరు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రాసిన కోడ్ కంపెనీదే. జీతానికి చేసిన పని కాబట్టి చట్టం అలాగే చెప్తుంది. శిల్పశాలలో జీతానికి ఉలి పట్టినవాళ్లదీ ఇదే పరిస్థితి. సొంతంగా ఆర్డర్లు తీసుకునే శిల్పి మాత్రం నాకంటే గట్టి చోట ఉన్నాడు. ఆ సంగతి ఆయనకి తెలియాలి కదా!

హక్కు రాసిచ్చేసినా ఒకటి మిగులుతుంది. అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో దాన్ని ఊడబీకి గోడౌన్‌లో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలు ఆయనకి తిరిగివ్వాలని, 5 లక్షలు పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. తన కళని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడిదే అన్నమాట.

హద్దులు కూడా చెప్పుకోవాలి. నృసింహస్వామి రూపం, శిల్పశాస్త్రంలోని కొలతలు ఎవరి సొత్తూ కావు. నాలుగు రోడ్ల కూడలిలో శాశ్వతంగా పెట్టిన విగ్రహాన్ని ఫోటో తీసుకోవచ్చు, బొమ్మ గీసుకోవచ్చు. కానీ దాన్నుంచి అచ్చు తీసి ఇంకో విగ్రహం పోయడానికి ఆ మినహాయింపు పనికిరాదు. ఆళ్లగడ్డ శిల్పాలకి జీఐ ట్యాగ్ కూడా ఉంది. అది ఊరి పేరుని కాపాడుతుంది. ఫలానా శిల్పి చెక్కిన ఫలానా ముఖాన్ని కాపాడేది కాపీరైటే.

ఇది ఇప్పుడెందుకంటారా? ఫోన్‌తో స్కాన్ చేస్తే త్రీడీ మోడల్ వచ్చేస్తుంది. మెషీన్‌కిస్తే రాయి మీద చెక్కేస్తుంది. నెలల పని ఒక ఫైల్ అయిపోతుంది.

అందుకే శిల్పులకి రెండు మాటలు. పని జరుగుతుండగానే ఫోటోలు తీసి దాచుకోండి. హక్కు బదిలీ కాగితం మీద ఉంటేనే చెల్లుతుంది కాబట్టి, సంతకం పెట్టేముందు చదవండి. గడువు రాయకపోతే అది 5 ఏళ్లకే.

మీ ఊళ్లో శిల్పులుంటే వాళ్లకి ఈ వీడియో చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.