బండకు కరెంటు పెట్టి చూస్తే

భూమిలోకి కరెంటు పంపి లోపలి గుట్టు తెలుసుకునే విద్యకు వందేళ్లు దాటాయి. కాన్రాడ్ ష్లుంబర్జర్ 1912లో ఫ్రాన్స్‌లో తొలి ప్రయోగాలు చేశాడు. కొద్ది ఏళ్లకే అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ నాలుగు కడ్డీల పద్ధతికి లెక్క కట్టాడు. ఖనిజాల కోసం పుట్టిన ఈ విద్య భూగర్భంలోని వేడి (భూతాపం) వేటకూ అక్కరకొచ్చింది. నీరు వేడెక్కి, అందులో లవణాలు కరిగేకొద్దీ కరెంటుకు అడ్డు తగ్గుతుంది మరి. మన దేశంలో 1963లో వేడినీటి బుగ్గల కమిటీ ఏర్పడింది. 1970లలో లద్దాఖ్‌లోని పూగా లోయలో సర్వేలు, డ్రిల్లింగు సాగాయి.

నల్లగొండ, పాలమూరుల్లో మాత్రం ఈ విద్యను దింపింది నీళ్ల కోసమే. ఇక్కడిది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అడుగు నుంచి వచ్చే వేడి తక్కువ. మోటబావులు ఎండి బోర్లు పెరిగేకొద్దీ పాయింటు పెట్టేవాళ్లకు గిరాకీ పెరిగింది. కొబ్బరికాయతో చూసేవారి పక్కనే మీటరు పట్టుకున్న జియాలజిస్టూ వచ్చాడు. బయటి రెండు కడ్డీలకు కరెంటు, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ. కడ్డీలు దూరం జరిపేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. ఎండాకాలం చెల్కలోనైతే కడ్డీల చుట్టూ ముందు బిందెడు నీళ్లు పోయాలి. లేకుంటే కరెంటు దిగదు.

తడిసిన మొరంలో కరెంటుకు అడ్డు, అంటే విశిష్ట నిరోధం, మామూలుగా పదుల ఓం-మీటర్లలో, పచ్చి బండలో వేలల్లో ఉంటుంది. ఆ తేడాతో మొరం ఎంత మందమో చెప్పవచ్చు. దాని కింది సన్నని పగులు దొరకడమే కష్టం. బంకమన్ను కూడా నీళ్లలాగే కనబడి మోసం చేస్తుంది.

హైదరాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), 1999లో ఫ్రెంచివారితో కలిసి భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టింది. మహేశ్వరం, చౌటుప్పల్ పరిశోధనలతో దృష్టి ఒక్కో బోరు పాయింటు నుంచి మొత్తం నీటిపొర మీదికి మళ్లింది. అక్కడ నీటి పగుళ్లు ఎక్కువగా పైపొరల్లోనే ఉన్నాయని తేలింది. ఇంకా లోతుకు పోతే నీళ్లు పడతాయన్న ఆశకు అది గట్టి హెచ్చరిక.

తెలంగాణలో భూతాపం ఆశ గోదావరి లోయది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలో వేడినీరు ఉబికింది. దాంతో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం తలపెట్టింది. అక్కడ సర్వే చేసేవారికి పాలమూరు అనుభవం పనికొస్తుంది. నిరోధం తగ్గితే కారణం వేడి కావచ్చు, ఉప్పు కావచ్చు, బంకమన్నూ కావచ్చు. బోరులో థర్మామీటరు దింపి, లోతుతో పాటు వేడి ఎంత పెరుగుతోందో కొలిచాకే పెట్టుబడి మాట ఎత్తాలి.