ఐరన్ మెయిడెన్: యాభై ఏళ్ళలో వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు

కువైట్ లో నాలుగైదేళ్ళు ఉన్న ఎవరికైనా ఈ సంగతి అనుభవమే. ఉగాదికి వేదిక ఎక్కే మన పాటల బృందంలో ప్రతి ఏడాదీ ముఖాలు మారుతూ ఉంటాయి. తబలా వాయించే ఆయన కాంట్రాక్ట్ అయిపోయి ఇండియా వెళ్ళిపోతారు. బాగా పాడే ఆవిడ కుటుంబానికి కెనడా వీసా వస్తుంది. ఇక ఈ ఏడాది కార్యక్రమం ఉండదేమో అనుకునేలోపు ఎవరో కొత్త ఇంజినీరు గారు కీబోర్డ్ చంకన పెట్టుకుని రిహార్సల్ కి వచ్చేస్తారు. బృందం పేరు మాత్రం మారదు.

ఇదే కథ పెద్ద ఎత్తున జరిగిన ఒక సంగీత బృందం గురించి ఈ వ్యాసం. అది ఇంగ్లండుకు చెందిన హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్. తొంభైలలో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి హాస్టల్ గోడల మీద ఎడ్డీ అనే అస్థిపంజరం బొమ్మ గుర్తుండే ఉంటుంది. మీ పిల్లల టీషర్ట్ ల మీద ఇప్పుడు చూస్తున్నదీ ఆ బొమ్మే. ఈ బ్యాండ్ లోకి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎందుకు వెళ్ళారు, దానివల్ల సంగీతం ఎలా మారింది అన్నది వరుసగా చూద్దాం.

ప్రారంభం (1975 – 1979)

తూర్పు లండన్ లోని లేటన్ ప్రాంతానికి చెందిన బేస్ గిటార్ వాద్యకారుడు స్టీవ్ హ్యారిస్ 1975 డిసెంబరు 25 న ఈ బ్యాండ్ ని మొదలుపెట్టారు. అంతకు ముందు ఆయన జిప్సీస్ కిస్, స్మైలర్ అనే రెండు చిన్న బృందాల్లో వాయించారు. ఐరన్ మెయిడెన్ తొలి సభ్యులు: గాయకుడు పాల్ డే, గిటార్ మీద డేవ్ సల్లివన్, టెర్రీ రాన్స్, డ్రమ్స్ మీద రాన్ మాథ్యూస్. వీళ్ళలో ఎవరూ బ్యాండ్ తొలి ఆల్బమ్ వచ్చేదాకా మిగలలేదు.

పాల్ డే స్థానంలో 1976 లో డెనిస్ విల్కాక్ వచ్చారు. ఈయన ముఖానికి రంగులు, నోట్లో కృత్రిమ రక్తం వంటి హంగులతో పాడేవారు. అదే ఏడాది చివర్లో గిటార్ వాద్యకారుడు డేవ్ ముర్రే చేరారు. 1977 లో విల్కాక్ తో గొడవ వచ్చి ముర్రేని తీసేశారు. ఆయన తన చిన్ననాటి స్నేహితుడు ఏడ్రియన్ స్మిత్ నడిపే అర్చిన్ అనే బ్యాండ్ కి వెళ్ళిపోయారు. 1978 లో విల్కాక్ తప్పుకోగానే హ్యారిస్ మళ్ళీ ముర్రేని పిలిపించుకున్నారు. అప్పటినుంచి ముర్రే కదలలేదు. బ్యాండ్ విడుదల చేసిన 17 స్టూడియో ఆల్బమ్ లు అన్నింటిలోనూ ఉన్నది హ్యారిస్, ముర్రే ఇద్దరే.

ఆ ఏడాది చివర్లో గాయకుడిగా పాల్ డియానో చేరారు. డ్రమ్స్ మీద డగ్ శాంప్సన్. డిసెంబరు చివరి రెండు రోజుల్లో రికార్డు చేసిన డెమో పాటలు 1979 నవంబరులో 'ది సౌండ్ హౌస్ టేప్స్' పేరుతో 5000 కాపీలుగా వచ్చాయి. మేనేజర్ రాడ్ స్మాల్ వుడ్ రావడం, ఇ.ఎమ్.ఐ. కంపెనీతో ఒప్పందం కుదరడం కూడా 1979 లోనే జరిగాయి. సరిగ్గా అదృష్టం తలుపు తట్టిన సమయంలో శాంప్సన్ ఆరోగ్యం సహకరించక తప్పుకున్నారు.

డియానో కాలం (1980 – 1981)

శాంప్సన్ స్థానంలో క్లైవ్ బర్, రెండో గిటార్ కి డెన్నిస్ స్ట్రాటన్ వచ్చారు. ఈ అయిదుగురితో 1980 ఏప్రిల్ లో విడుదలైన మొదటి ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో 4వ స్థానానికి చేరింది. అయినా సంగీతాభిరుచుల్లో తేడాల వల్ల స్ట్రాటన్ ఆ ఏడాదే బయటికి వెళ్ళారు. ఆయన చోటికి ఏడ్రియన్ స్మిత్ వచ్చారు. స్నేహితులిద్దరూ జంటగా వాయించే గిటార్ స్వరాలు, అంటే ఒకే వరుసను రెండు స్థాయిల్లో కలిపి వాయించడం, ఈ బ్యాండ్ గుర్తుగా స్థిరపడింది. 1981 లో రెండో ఆల్బమ్ 'కిల్లర్స్' వచ్చింది.

డియానోది గరుకు గొంతు. పాటలో వీధి కుర్రాడి దూకుడు వినిపించేది. కానీ మత్తుపదార్థాల అలవాటు, వరుస కచేరీల ఒత్తిడి ఆయన్ని దెబ్బ తీశాయి. తర్వాత ఆయనే ఈ మాట ఒప్పుకున్నారు. 1981 సెప్టెంబరులో ఆయన్ని తప్పించి, శాంసన్ అనే మరో బ్యాండ్ లో పాడుతున్న బ్రూస్ డికిన్సన్ ని తీసుకున్నారు.

స్వర్ణయుగం (1982 – 1989)

డికిన్సన్ గొంతు పై స్థాయిలో ఎంతసేపైనా నిలబడగలదు. దాంతో హ్యారిస్ పాటల నిడివి పెరిగింది. చరిత్ర, పురాణాలు, యుద్ధాల కథలు పాటల్లోకి వచ్చాయి. 1982 మార్చిలో వచ్చిన 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' బ్రిటన్ లో వాళ్ళకి మొదటి నంబర్ వన్ ఆల్బమ్.

ఆ ఏడాది చివర్లో క్లైవ్ బర్ వెళ్ళిపోయారు. టూర్ల ఒత్తిడి, వ్యక్తిగత సమస్యలు కారణాలు. ఫ్రాన్స్ బ్యాండ్ ట్రస్ట్ లో వాయించిన నికో మెక్ బ్రెయిన్ ఇక్కడికి వచ్చారు. బర్ తర్వాత ఆ ట్రస్ట్ లోనే చేరడం విచిత్రం! హ్యారిస్, ముర్రే, స్మిత్, డికిన్సన్, మెక్ బ్రెయిన్ – ఈ అయిదుగురి జట్టు 'పీస్ ఆఫ్ మైండ్' (1983) నుంచి 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్' (1988) దాకా చెక్కు చెదరలేదు. అభిమానుల్లో చాలామంది "అసలు మెయిడెన్" అనేది ఈ జట్టునే.

కష్టకాలం (1990 – 1998)

1990 లో తర్వాతి ఆల్బమ్ ని హంగులు తగ్గించి పాత పద్ధతిలో చేద్దామన్నది హ్యారిస్ ఆలోచన. అది నచ్చని స్మిత్ తప్పుకున్నారు. డికిన్సన్ సోలో ఆల్బమ్ లో వాయించిన జానిక్ గెర్స్ ఆ స్థానంలో చేరారు. 1992 లో 'ఫియర్ ఆఫ్ ది డార్క్' నంబర్ వన్ అయింది కానీ, డికిన్సన్ మనసు సోలో సంగీతం వైపు మళ్ళింది. 1993 ఆగస్టులో వీడ్కోలు కచేరీ చేసి ఆయన కూడా వెళ్ళిపోయారు.

1994 లో వూల్ఫ్స్ బేన్ బ్యాండ్ నుంచి బ్లేజ్ బేలీ వచ్చారు. ఆయనది లోతైన, కింది స్థాయి గొంతు. కొత్తగా ఆయన కోసం రాసిన పాటలు బాగానే కుదిరాయి. కానీ కచేరీల్లో డికిన్సన్ పాత పాటలు పాడవలసి వచ్చేది. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా ఇంకొకరికి తొడిగినట్టు అయింది. గొంతు ఇబ్బందితో కొన్ని కచేరీలు రద్దయ్యాయి. బ్రిటన్ చార్టుల్లో 'ది ఎక్స్ ఫ్యాక్టర్' (1995) 8వ స్థానంలో, 'వర్చువల్ ఎలెవెన్' (1998) 16వ స్థానంలో ఆగిపోయాయి. తప్పంతా బేలీదే అనడం అన్యాయం. ఆయన కాలంలో వచ్చిన కొన్ని పాటలు తర్వాతి కచేరీల్లో డికిన్సన్ కూడా పాడారు.

పునఃకలయిక (1999 – 2024)

1999 లో బేలీ తప్పుకున్నారు. డికిన్సన్, స్మిత్ ఇద్దరూ తిరిగి వచ్చారు. మరి స్మిత్ స్థానంలో వచ్చిన గెర్స్ సంగతేమిటి? ఇక్కడే బ్యాండ్ ఒక మంచి పని చేసింది. ఆయన్ని పంపించకుండా ముగ్గురు గిటార్ వాద్యకారులతో ఆరుగురి బృందంగా మారింది. 'బ్రేవ్ న్యూ వరల్డ్' (2000) నుంచి 'సెంజుత్సు' (2021) దాకా ఆరు ఆల్బమ్ లు ఈ ఆరుగురివే. పాతిక సంవత్సరాల పాటు ఒక్క మార్పు లేదు.

మన ప్రాంతానికి వాళ్ళు వచ్చింది ఈ కాలంలోనే. 2007 మార్చిలో దుబాయ్ డెజర్ట్ రాక్ ఉత్సవంలో, అదే నెల 17 న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ లో వాయించారు. 2008 ఫిబ్రవరి 1 న ముంబాయిలో ప్రపంచ పర్యటన మొదలుపెట్టారు. ఆ పర్యటనకి వాడిన బోయింగ్ 757 విమానం పేరు 'ఎడ్ ఫోర్స్ వన్'. దాన్ని నడిపిన పైలట్ గాయకుడు డికిన్సనే! ఆయన లైసెన్స్ ఉన్న ఎయిర్ లైన్ పైలట్. 2009 ఫిబ్రవరిలో దుబాయ్, బెంగుళూరు మళ్ళీ వచ్చారు.

2015 లో డికిన్సన్ గొంతు, నాలుక ప్రాంతంలో క్యాన్సర్ కి చికిత్స తీసుకుని కోలుకున్నారు. బ్యాండ్ ఆయన కోసం ఆగింది, కొత్త గాయకుణ్ణి వెతకలేదు. 2023 జనవరిలో మెక్ బ్రెయిన్ కి పక్షవాతం వచ్చింది. కొన్ని నెలల్లోనే తిరిగి డ్రమ్స్ ముందు కూర్చున్నారు కానీ, కొన్ని వేగమైన భాగాలు మునుపటిలా వాయించలేకపోయారు. 2024 డిసెంబరు 7 న బ్రెజిల్ లోని సావో పాలోలో చివరి కచేరీ చేసి, 72 ఏళ్ళ వయసులో టూర్ల నుంచి విరమించుకున్నారు. హ్యారిస్ నడిపే మరో బ్యాండ్ బ్రిటిష్ లయన్ డ్రమ్మర్ సైమన్ డాసన్ ఆ బాధ్యత తీసుకున్నారు. 2025 మే 27 న బుడాపెస్ట్ లో యాభై ఏళ్ళ పండుగ పర్యటన ఆయనతోనే మొదలైంది.

వెళ్ళినవాళ్ళు ఏమయ్యారు?

సభ్యుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. బ్యాండ్ ఎలాంటిదో తెలియాలంటే వెళ్ళినవాళ్ళ సంగతి చూడాలి.

క్లైవ్ బర్ కి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధి వచ్చింది. డ్రమ్స్ వాయించిన చేతులు స్వాధీనం తప్పాయి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆయన బ్యాండ్ వదిలి అప్పటికి ఇరవై ఏళ్ళు. అయినా 2002 లో లండన్ బ్రిక్స్ టన్ అకాడమీలో ఆయన సహాయ నిధి కోసం మెయిడెన్ కచేరీలు చేసింది. బర్ 2013 మార్చి 12 న, 56 ఏళ్ళకే కన్నుమూశారు.

పాల్ డియానో కూడా చివరి సంవత్సరాలు చక్రాల కుర్చీలోనే గడిపారు. అయినా కూర్చునే పాడారు. 2022 మే లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ లో చికిత్సలో ఉన్న ఆయన్ని స్టీవ్ హ్యారిస్ కలుసుకున్నారు. తీసేసినవాడూ, తీసివేయబడినవాడూ నలభై ఏళ్ళ తర్వాత పక్కపక్కన కూర్చున్నారు. 2024 అక్టోబరు 21 న డియానో 66వ ఏట మరణించారు.

ఒక్క చూపులో

బేస్: స్టీవ్ హ్యారిస్ (1975 నుంచి).
గిటార్: డేవ్ ముర్రే (1976–77, 1978 నుంచి), డెన్నిస్ స్ట్రాటన్ (1979–80), ఏడ్రియన్ స్మిత్ (1980–90, 1999 నుంచి), జానిక్ గెర్స్ (1990 నుంచి).
గాత్రం: పాల్ డే (1975–76), డెనిస్ విల్కాక్ (1976–78), పాల్ డియానో (1978–81), బ్రూస్ డికిన్సన్ (1981–93, 1999 నుంచి), బ్లేజ్ బేలీ (1994–99).
డ్రమ్స్ (ఆల్బమ్ లు మొదలైనప్పటినుంచి): క్లైవ్ బర్ (1979–82), నికో మెక్ బ్రెయిన్ (1982–2024), టూర్లలో సైమన్ డాసన్ (2025 నుంచి).

మనకిది కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885 లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక సమాజంలో ఎన్ని తరాల నటులు మారారు! సురభి మాత్రం సురభిగానే ఉంది. ఒకరు పట్టుదలగా నిలబడాలి, వచ్చినవాళ్ళకి చోటివ్వాలి, వెళ్ళినవాళ్ళని మరచిపోకూడదు. ఈసారి మన బృందం నుంచి ఎవరైనా సామాను సర్దుకుని ఎయిర్ పోర్ట్ కి బయలుదేరితే, వాళ్ళ ఫోన్ నంబరు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.