పది ఫొటోలు

1991 మే 21. విశాఖపట్నంలో ప్రచారం ముగించుకున్న రాజీవ్ గాంధీని విమానం ఇబ్బంది పెట్టింది. మొరాయించింది. ఈ రాత్రికి ఇక్కడే ఆగుదామనుకున్నారు. అంతలో బాగుచేశామని కబురొచ్చింది. మద్రాసు బయల్దేరారు.

రాత్రి పదీ ఇరవై. శ్రీపెరుంబుదూరు సభాస్థలి. చందనపు మాలతో వచ్చిన యువతి కాళ్లకు దణ్ణం పెట్టడానికన్నట్టు వంగింది. పేలుడు!

జనం చెల్లాచెదురయ్యారు. కాంగ్రెస్ నేతలు మూపనార్, జయంతీ నటరాజన్ శవాల మధ్య తమ నాయకుణ్ణి వెతుక్కున్నారు. కాలికున్న లోటో బూట్లు ఆనవాలు పట్టించాయి.

అలాంటి చోట పోలీసు మీద రెండు పనులు ఒక్కసారే పడతాయి. కొనఊపిరితో ఉన్నవాళ్లను ఆస్పత్రికి చేర్చాలి. ఆ హడావుడిలోనే మిగతా దేన్నీ కదలనివ్వకూడదు. తాడు కట్టాలి, రాకపోకలకు ఒకటే దారి ఉంచాలి, లోపలికెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకోవాలి. చెప్పడం తేలికే. నేతలూ పై అధికారులూ వరసగా కార్లు దిగుతుంటే కాపలా కానిస్టేబుల్ ఎవరిని ఆపగలడు?

మృతుల్లో ఓ కుర్ర ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. అతని కెమెరా చెక్కుచెదరకుండా అక్కడే దొరికింది. పాపం, ఇంటివాళ్లకిద్దామని ఎవరైనా జాలిపడి పట్టుకెళ్లినా, ఏముందో చూద్దామని వెనుక మూత తీసినా కథ అక్కడితో సరి. ఫిల్ము కడిగితే పది ఫొటోలొచ్చాయి. వాటిలో మాల పట్టుకున్న యువతి, నోటుబుక్కుతో విలేకరిలా నిలబడ్డ కుర్తా మనిషి కనిపించారు. అతనే కుట్ర నడిపిన శివరాసన్. డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వంలోని ప్రత్యేక దర్యాప్తు బృందం ఆ ముఖాల వెంటే నడిచింది.

తమిళనాడు ఫోరెన్సిక్ లేబొరేటరీ డైరెక్టర్ పి. చంద్రశేఖరన్ చూపు ఒక శవం దగ్గర ఆగింది. తల ఉంది, కాళ్లూ చేతులూ ఉన్నాయి. మొండెం లేదు. అంటే బాంబు ఒంటికే కట్టి ఉంది! డెనిమ్ గుడ్డ పీలికలు, తీగముక్కలు, ఉక్కు గుండ్లు ఏరి, ఆ బాంబు బెల్టు ఎలా ఉండేదో తేల్చారు. చెత్తేగా అని తెల్లారగట్ల ఎవరైనా ఊడ్చేసి ఉంటే?

ఇప్పుడైతే, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, ఆపై శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి, వీడియో తీయించాలి. దీన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. నిపుణులు వచ్చేదాకా కాపలా మాత్రం స్టేషన్ కానిస్టేబుల్‌దే. మీ వీధిలో అలాంటిది జరిగితే శవం మీద దుప్పటి కప్పకండి, సెల్‌ఫోన్ పట్టుకుని దగ్గరికెళ్లకండి. 112కు చెప్పి, తాడుకు ఇవతలే ఉండండి.