ధనంబోడు నుంచి ఎగ్మోరు దాకా: మాంధాత శిల పుట్టుపూర్వోత్తరాలు

చక్రవర్తి ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. మబ్బుల్లోంచి నలుపలకల నాణేలు జలజలా రాలుతున్నాయి. నెత్తిన గొడుగు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, కోశాధికారి, మంత్రి. చక్రవర్తి అన్నవాడికి ఉండాల్సిన సప్తరత్నాలివి. చెక్కడం ఎక్కడా లోతుగా ఉండదు, రాతి మీద బొమ్మ గీసి అంచులు తీసినట్టే ఉంటుంది. ఆ నాణేలను కాస్త దగ్గరగా చూడండి. గుండ్రటివి కావు, చతురస్రాలు. ఆ కాలంలో చేతులు మారిన వెండి విద్ధాంక నాణేలు, అంటే గుర్తులు కొట్టిన వెండి ముక్కలు, చాలావరకు అలాగే ఉండేవి. దేవలోకపు ధనాన్ని చూపడానికి శిల్పి తన ఊరి సంతలో తిరిగే డబ్బునే చెక్కాడన్నమాట.

ఈ రాజు జాతక కథల్లోని మాంధాత. చేతులు తాకిస్తే చాలు, ఆకాశం నుంచి మోకాలి లోతు రత్నాలు కురిసేవి. అదీ చాలక స్వర్గానికి వెళ్ళాడు, ఇంద్రుడితో పాటు సింహాసనం పంచుకున్నాడు. చివరికి ఇంద్రుణ్ణే తప్పించాలన్న ఆశ పుట్టింది. దాంతో శక్తి క్షీణించి నేల మీద పడి ప్రాణం విడిచాడు. శిల్పి ఆ పతనం జోలికి పోలేదు, కాసుల వాన దగ్గరే ఆగిపోయాడు.

శిల దొరికింది జగ్గయ్యపేట పక్కన, పాలేరు నదికి దగ్గర్లోని గుట్ట మీద. జనం దాన్ని ధనంబోడు అంటారు. క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే అలవాటు లేదు. ఆ గుట్ట మీది బౌద్ధ స్తూపం వేదిక చుట్టూ తాపిన లేతరంగు సున్నపురాతి పలకల్లో ఇదొకటి. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఉలి పెట్టిందీ ఈ జాతి రాతి మీదే. స్తూపం చిన్నదే, అమరావతి పక్కన పెడితే మరీ చిన్నది. కానీ కృష్ణ వెంట దిగువన భట్టిప్రోలు, ఘంటసాల వరకు సాగిన బౌద్ధ క్షేత్రాల వరసలో దీనికీ చోటుంది. ఘంటసాల సముద్ర వ్యాపారానికి రేవు. మెట్ట ప్రాంతపు సరుకు, సన్యాసులు, శిల్పులు అందరికీ నదీ తీరమే బాట.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం మాంధాత కాదు, సిద్ధార్థుడు. బుద్ధుడు కాదు, ఈయన పనివాళ్ళ మేస్త్రీ. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట, స్తూపం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు (స్తూపం వేదికకు ముందు వరసగా నిలిపేవి) పెట్టించాడు. ప్రాకృత భాషలో, తోకలు సాగిన బ్రాహ్మీ అక్షరాల్లో ఆ సంగతి చెక్కించాడు. ఊరి పేరు వెలగిరి అని అందులోనే ఉంది. తండ్రి నాగచంద్రుడూ మేస్త్రీయే. తల్లి నాగిలానిని ముందు పెట్టుకుని, భార్య సముదాని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుద్ధనిక, సోదరుడు బుద్ధినాకుడితో కలిసి ఈ దానం చేస్తున్నానన్నాడు. దాదాపు ఇవే మాటలు మూడు స్తంభాల మీద ఉన్నాయి. ఒకటి విరిగినా ఇంకోటి మిగలాలన్న ముందుచూపేమో! అంత ఖర్చు భరించగల చేతిపనివాడు ఆనాడు ఈ మెట్టలో ఉన్నాడంటే, వ్యాపారం ఎంత జోరుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళకు కూడా ఇక్కడ ఆరాధన ఆగలేదు. నాగార్జునాచార్యుడి శిష్య పరంపరకు చెందిన చంద్రప్రభుడు పెట్టించిన బుద్ధ విగ్రహం అందుకు సాక్ష్యం. ఆ పైన గుట్ట మరుగున పడింది. కింద ఊరు బేతవోలు అయింది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పేట కట్టించి తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. అమరావతి దీపాలదిన్నెను తవ్వి రాళ్ళు పట్టుకుపోయిందీ ఆయన పట్టణ నిర్మాణం కోసమే. కొత్త ఊళ్ళు లేస్తున్న చోట పాత స్తూపాలకు మూడినట్టే.

1882లో పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి ధనంబోడు మీద చాలా పలకలు మాయమయ్యాయి. మిగిలినవాటిని తవ్వించి కొలతలు తీయించాడు. శాసనాలను లిపి పండితుడు బ్యూలర్ చదివాడు. అమరావతితో కలిపి బర్జెస్ రాసిన పుస్తకం 1887లో అచ్చయింది. మాంధాత శిల మద్రాసు మ్యూజియం చేరింది. ఇంకో మూటెడు రాళ్ళు ఎవరి గోడల్లో ఉన్నాయో! అలా చూస్తే, మద్రాసు వెళ్ళడమే దానికి మేలు చేసిందని ఒప్పుకోవాలి. ఊరికి లోటే అయినా.

ఇప్పుడు ఆ సున్నపురాయికి వేరే గిరాకీ. జగ్గయ్యపేట చుట్టుపక్కల జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఒకప్పుడు ఉలి దిగిన జాతి రాయి కొలిమికి పోయి బస్తాలకెక్కి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి మీద లారీల్లో పోతోంది. అదే దారిలో కార్లలో వచ్చేవాళ్ళు నందిగామ దాటాక ఏ దాబా దగ్గరో బిర్యానీకి ఆగుతారు, తీరికుంటే వేదాద్రి నరసింహస్వామిని చూసి కృష్ణలో మునిగి వస్తారు. గుట్ట ఎక్కేవాళ్ళు తక్కువ. ఎక్కేవాళ్ళు ఎండ ముదరకముందే వెళ్ళాలి. మాంధాతను చూడాలంటే మాత్రం చెన్నై రైలెక్కి ఎగ్మోరు మ్యూజియంకు పోవాల్సిందే. అమరావతి శిల్పాల దగ్గర జగ్గయ్యపేట రాయి ఏదని అడగండి. శుక్రవారం సెలవు.