తుపాకీకి తలంటు

మనకి తలంటు అంటే ముందు నూనె, తరవాత వేణ్ణీళ్ళు. వెనకటి సిపాయి తుపాకీకి వరస తిరగబడేది: ముందు వేణ్ణీళ్ళు, తరవాత నూనె! ఇనప వస్తువుకి నీళ్ళేమిటి, తుప్పు పట్టదూ అంటారేమో. తుపాకిమందు కాలాక గొట్టంలో మిగిలే మసిలో లవణాలుంటాయి. తేమ పీల్చి తుప్పు పట్టించేవి అవే. నూనెకి కరగవు, నీళ్ళకే కరుగుతాయి. వేణ్ణీళ్ళయితే ఇనుము వేడెక్కి తడి తొందరగా ఆరుతుంది. ఆపైన నూనెగుడ్డ. దోసెల పెనం దాచుకునే మనకిది కొత్త విద్య కాదు.

పేల్చే ముందూ జిడ్డు కావాలి. ఎన్‌ఫీల్డ్ రైఫిల్లో గుండు సులువుగా దిగాలని తూటా కాగితానికి జిడ్డు పూసేవారు. ఆ కాగితాన్ని సిపాయి పళ్ళతో కొరికి చింపాలి. అది ఆవుకొవ్వూ పందికొవ్వూ అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పొక్కింది. మీ జిడ్డు మీరే పూసుకోండని దొరతనం ఆ నెలలోనే దిగొచ్చింది. కానీ నమ్మకం అప్పటికే విరిగింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది తూటాలు ముట్టమన్నారు. మే 9న వాళ్ళకి సంకెళ్ళు వేశారు. మర్నాడే మీరట్ భగ్గుమంది.

తిరుగుబాటుకి అవధ్ ఆక్రమణలాంటి కారణాలు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ఏ నూనెతో వండారో అడగందే ముద్ద ముట్టని ఇళ్ళున్న దేశం ఇది. ఆ సంగతి వంటింట్లో ఏ ముసలమ్మనడిగినా చెప్పేది. కంపెనీ దొరలు అడగలేదు.